చింతగింజలు, శాబాద్ బండలు, 38 మంది: ఎనిమిదో తరగతి లెక్కల రివిజన్ డైరీ

2025 మార్చి 17, సోమవారం

ఒంటిపూట బడులు మొన్న శనివారమే మొదలయ్యాయి. పొద్దున ఎనిమిదికి బడి, పన్నెండున్నరకు అన్నం తిని ఇంటికి. హోలీ అయి మూడు రోజులైనా సగం మందికి చెవుల వెనక గులాబీ రంగు ఇంకా పోలేదు. సిలబస్ అయిపోయింది. ఏప్రిల్ 9 నుంచి ఎస్ఏ-2, అంటే ఏడాది చివరి పరీక్షలు. ఉగాది, రంజాన్ సెలవులు తీసేసి లెక్కేస్తే నాకు మిగిలినవి పదిహేడు పీరియడ్లు. అవీ అన్నీ జరిగితే.

ఏటా ఈ పీరియడ్లలో నేను చేసేది ఒకటే. ముఖ్యమైన లెక్కలు బోర్డు మీద మళ్లీ చేస్తాను, పిల్లలు వాటిని మళ్లీ నోట్సులోకి ఎక్కించుకుంటారు. అదే లెక్క అదే నోట్సులో పది పేజీల వెనక ఉంటుంది. ఈసారి అలా చేయొద్దని ఈ డైరీ మొదలుపెట్టాను. నల్గొండ జిల్లాలో ఒక మండలం బడి మాది. ఎనిమిదో తరగతిలో 38 మంది. పేరుకు ఇంగ్లిష్ మీడియం, అర్థం చేసుకునేదంతా తెలుగులోనే.

ఇవాళ చేసింది చిన్న పని. పుస్తకాలు, నోట్సులు సంచుల్లో పెట్టించి తలా ఒక తెల్ల కాగితం ఇచ్చాను. "జూన్ నుంచి ఇప్పటిదాకా లెక్కల్లో ఏం గుర్తుంటే అది రాయండి. ఎనిమిది నిమిషాలు. మార్కులు లేవు, పేరు కూడా రాయొద్దు." మొదటి రెండు నిమిషాలు ఒక్క పెన్ను కదల్లేదు. ఒకమ్మాయి "హెడ్డింగులు రాస్తే సాలా టీచర్?" అని అడిగింది. సాలు అన్నాను.

సాయంత్రం ఇంట్లో కాగితాలు పరిచి చూశాను. అకరణీయ సంఖ్యలు దాదాపు అందరికీ గుర్తున్నాయి, మొదటి పాఠం కదా. చివర చెప్పిన ఘనపరిమాణం కూడా ఉంది. నడుమ ఆగస్టు నుంచి నవంబరు దాకా చెప్పినదంతా గాలికి పోయింది. విలోమానుపాతం (ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గడం) అనే మాట ముగ్గురి కాగితాల్లోనే ఉంది. ఇంకోటి చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను: సూత్రాలు రాసినవాళ్లలో 21 మంది నడిమి 2ab వదిలేసి (a+b)² = a² + b² అని రాశారు. అసలు సూత్రం నేను కనీసం పదిసార్లు బోర్డు మీద రాసి ఉంటాను.

మార్చి 18

క్విజ్ పెట్టాను. నాలుగు జట్లు, బజర్‌కు బదులు కాంపాస్ పెట్టె మీద స్కేలుతో కొట్టడం. గోల గోల. పక్క క్లాసు నుంచి తెలుగు సార్ ఒకసారి తొంగిచూసి నవ్వి పోయారు. గంట కొట్టేటప్పటికి పిల్లలు "రేపు గూడ గిదే పెట్టున్రి టీచర్" అన్నారు. నాకూ సంతోషంగానే అనిపించింది.

తర్వాత స్కోరు కాగితం చూస్తే 26 ప్రశ్నలకు జవాబు చెప్పినవాళ్లు మొత్తం ఐదుగురు. రోజూ చేతులెత్తే ఆ ఐదుగురే. మిగతా 33 మంది చప్పట్లు కొట్టారు. ఆట బాగుంది కానీ, వాళ్ల తలలో ఒక్క లెక్కా తిరగలేదు. అంటే నేను బోర్డు మీద చేస్తుంటే చూసినట్టే, ఈ ఐదుగురు చేస్తుంటే చూశారు. ఈ మూడు వారాలూ ఏ ఆట పెట్టినా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ నిమిషంలో ఎంతమంది పెన్నులు కదులుతున్నాయి?

మార్చి 20

రేపటి నుంచి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. మా బడి సెంటరు. ఇవాళ గదుల్లో చార్టులన్నీ పీకేయించారు, బెంచీల మీద హాల్‌టికెట్ నంబర్లు అతికిస్తున్నారు. గోడల మీద ప్రశ్నలు అతికించి పిల్లల్ని గది చుట్టూ తిప్పాలని రెండు రాత్రులు కూర్చుని పన్నెండు చార్టులు రాశాను. గోడ మీద ఒక్క అక్షరం ఉండకూడదు. చుట్టచుట్టి బీరువా మీద పెట్టాను. పరీక్షల రోజుల్లో మాకు క్లాసులు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటి దాకా. ముందు అన్నం, తర్వాత లెక్కలు. నల్గొండ ఎండలో అన్నం తిన్న ఎనిమిదో తరగతికి రెండు గంటలప్పుడు లెక్కలు చెప్పి చూస్తే తెలుస్తుంది.

మార్చి 21

తంబోలా. బోర్డు మీద 24 సంఖ్యలు రాశాను. తలా ఒక కాగితం మీద మూడు అడ్డం, మూడు నిలువు గళ్లు గీసుకుని, ఆ 24లో తమకిష్టమైన తొమ్మిదింటిని నింపుకున్నారు. నేను సంఖ్య పిలవను, లెక్క పిలుస్తాను. "1728 ఘనమూలం." 12 ఎవరి టికెట్లో ఉంటే వాళ్లు కొట్టేసుకోవాలి. "రెండు పవర్ మైనస్ మూడు." "800కు కొన్న సైకిల్‌ను 25 శాతం లాభానికి అమ్మితే ఎంత?" "ఇప్పుడు నడుస్తున్న సంవత్సరానికి వర్గమూలం." దీనికి మాత్రం గది గదంతా ఒక్కసారి ఆగింది. 2025, 45 వర్గం. జవాబు దొరికాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ముచ్చట ఈ ఏడాదికి మాత్రమే దొరుకుతుంది, వాడుకోకపోతే పాపం.

కానీ పన్నెండు నిమిషాల్లో జల్దీ ఫైవ్ (అందరికంటే ముందు ఐదు గళ్లు కొట్టడం) అయిపోయింది. గెలిచినమ్మాయిని "ఒకటి ఎందుకు కొట్టావు, ఏ లెక్కకు?" అని అడిగితే పక్కమ్మాయి మొహం చూసింది. పక్కమ్మాయి కొట్టింది కాబట్టి ఈమె కొట్టింది.

మార్చి 22

అదే తంబోలా, ఒక్క నియమం కలిపాను. కొట్టేసిన ప్రతి సంఖ్యకూ టికెట్ వెనక ఆ లెక్క చేసి ఉండాలి, లేకపోతే ఆ గడి చెల్లదు. 2⁻³ అంటే వెనక 1/2³ = 1/8 అని ఉండాలి. ఆట మందగించింది, 35 నిమిషాలు పట్టింది. గోల తగ్గింది. నిన్నటంత సరదా లేదని ఇద్దరు ముగ్గురు సణిగారు. 38 టికెట్లూ తిప్పి చూశాను, ఏమీ లేకుండా తెల్లగా ఉన్నవి నాలుగే. బహుమతి పెన్నూ కాదు, చాక్లెట్టూ కాదు, సోమవారం ఏ ఆట ఆడాలో చెప్పే హక్కు. గెలిచిన పిల్లవాడు ఆలోచించి "అష్టాచెమ్మ" అన్నాడు. వాడు నన్ను ఇరికిద్దామనే అన్నాడు. నాకేమో పౌనఃపున్య పట్టికలు (ఏది ఎన్నిసార్లు వచ్చిందో రాసేవి) ఎలా తిరగేయించాలా అన్న బెంగ తీరింది.

మార్చి 24

రాత్రే మా అత్తమ్మతో చెప్పి చింతగింజలు తీయించాను. రెండుగా చీల్చి, చీల్చిన వైపు బండ మీద అరగదీస్తే తెల్లగా వస్తుంది, ఇంకో వైపు నల్లటి తోలు అలాగే ఉంటుంది. ఒక్కో జట్టుకు నాలుగు బద్దలు. పిల్లలు కొందరు ఇంటి నుంచి గవ్వలు తెచ్చారు. వాటిని పక్కన పెట్టించాను, అందరి దగ్గరా ఒకే రకం ఉండాలని.

ఆట తెలియనివాళ్లు ఎవరూ లేరు. నాలుగు వేస్తే తెల్లవి ఎన్ని పైకి పడితే అన్ని పందెం. నాలుగూ తెల్లవైతే చెమ్మ, అంటే నాలుగు. ఒక్కటీ తెల్లది లేకపోతే అష్ట, ఎనిమిది. ఇవాళ గడుల్లో కాయలు నడపడం లేదు, వేయడం, రాయడం అంతే. ఇద్దరిద్దరుగా 19 జట్లు, జట్టుకు 50 పందేలు. ఒకరు వేస్తే ఇంకొకరు గీతలు గీయాలి, నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా. ఇరవై ఐదు అయ్యాక మార్చుకోవాలి. ఆట అని తెలిసి 38 మందీ వచ్చారు.

వేయకముందు ఒక పందెం కాశాం. అష్ట ఎక్కువసార్లు పడుతుందా, చెమ్మ ఎక్కువా? క్లాసంతా ఒక్క గొంతుతో "రెండూ ఒక్కటే టీచర్" అంది. సరేనని బోర్డు మీద రాసి చూశాం. ఒక్కో బద్ద తెలుపో నలుపో పడుతుంది, నాలుగింటికి కలిపి 16 రకాలు. అందులో నాలుగూ తెలుపు ఒకటే రకం, నాలుగూ నలుపు ఒకటే రకం. రెండు తెలుపు, రెండు నలుపు మాత్రం ఆరు రకాలుగా పడొచ్చు. అందుకే అష్టాచెమ్మలో ఎప్పుడూ రెండే పడి చావదొబ్బుతుందని వెనక బెంచీ నుంచి వ్యాఖ్య. మాట బాగాలేదు, గణితం బాగుంది, వదిలేశాను.

950 పందేల మొత్తం ఇదీ: ఒకటి 214 సార్లు, రెండు 352, మూడు 262, చెమ్మ 78, అష్ట 44.

చెమ్మ, అష్ట సమానం అనుకుంటే ఒక్కోటి 59 చుట్టుపక్కల రావాలి. 78కీ 44కీ చాలా తేడా. ఇక మొదలైంది వాదన. ఏదో జట్టువాళ్లు తప్పు రాశారని ఒకరన్నారు. గీతలు మళ్లీ లెక్కపెట్టాం, సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు మూడో బెంచీ అమ్మాయి ఒక బద్ద చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇటుపక్క ఉబ్బుంది టీచర్, బరువు కిందికి పోతది, తెల్లది మీదికొస్తది" అంది. అది నిజమో కాదో తేల్చాలంటే గవ్వలతోనూ వెయ్యి సార్లు వేసి చూడాలి. నాణెం అయితే రెండు వైపులూ సమానం అని నేను ఏటా చెప్పి వదిలేస్తాను. చింతగింజ సమానం కాదని వాళ్లే కనిపెట్టారు.

ఇదే పట్టికతో సగటు, మధ్యగతం (వరసలో పేరిస్తే నడుమ పడేది), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చేది) చేయించాను. అష్టను ఎనిమిదిగానే లెక్కపెట్టి మొత్తం 2368, భాగించు 950, సగటు 2.49. మధ్యగతం 2, బాహుళకం 2. సగటు మాత్రం ఎందుకు పెరిగింది? 44 అష్టలు లాగాయి పైకి. ఊళ్లో ఒక్క షావుకారు ఉంటే ఊరి సగటు ఆదాయం పెరిగినట్టు అన్నాను. వెంటనే ఎవరి పేరో చెప్పారు, దాన్ని ఇక్కడ రాయను.

మార్చి 25, 26

ఇన్విజిలేషన్ డ్యూటీ, ఎండ, తలనొప్పి. పిల్లలకు పాత పేపరు ఇచ్చి కూర్చున్నాను. ఏమీ ప్రయోగం లేదు.

మార్చి 27

తప్పుల దవాఖాన. ఎఫ్ఏ (ఏడాది నడుమ పెట్టే చిన్న పరీక్షలు) పేపర్లలోంచి తప్పుగా చేసిన పది లెక్కలు ఏరి, ఒక్కోదాన్నీ ఒక చీటీ మీద పెట్టాను. ఒక్కో చీటీ ఒక రోగి. నలుగురేసి డాక్టర్లు. రోగం ఎక్కడ మొదలైందో ఆ మెట్టు కింద గీత గీయాలి, రోగం పేరు పెట్టాలి, మందు రాయాలి. √(9+16) = 3+4 = 7 అనే రోగికి ఒక జట్టు "తొందర జ్వరం" అని పేరు పెట్టింది. 2⁻³ = −8 అనే రోగికి "మైనస్ కామెర్లు". నూరు రూపాయల మీద 20 శాతం పెంచి మళ్లీ 20 శాతం తగ్గిస్తే నూరే అనే రోగిని మూడు జట్లు ఆరోగ్యంగా ఉన్నాడని పంపించేశాయి. నాలుగో జట్టు పట్టుకుంది: 120లో 20 శాతం 24, మిగిలేది 96.

ఇదంతా బాగుంది. ఒక్కచోట మాత్రం నేను తప్పు చేశాను. పేర్లు కత్తిరించాను గానీ లెక్కలు వాళ్ల పేపర్లనుంచే జిరాక్స్ తీసి పెట్టాను. ఒక పిల్లవాడు తన చేతిరాత గుర్తుపట్టాడు. పక్కవాడూ గుర్తుపట్టాడు. నలుగురూ కలిసి వాడి లెక్కకు నవ్వుతూ మందు రాస్తుంటే వాడు బెంచీ మీద గోరుతో గీస్తూ కూర్చున్నాడు. పీరియడ్ అయ్యాక పిలిచి మాట్లాడితే "ఏం లేదు టీచర్" అన్నాడు. ఏం లేకపోవడం కాదది.

మార్చి 28

రోగులందరినీ నా చేతిరాతలో మళ్లీ రాశాను. అందులో రెండు నా సొంతవి, బీఈడీ రోజుల్లో నేనే చేసినవి. ఆ సంగతి క్లాసులో చెప్పాను. నిన్నటి పిల్లవాడు ఈసారి డాక్టరు జట్టులో మాట్లాడలేదు గానీ మందు వాడే రాశాడు. ఇకనుంచి ఎవరి చేతిరాతా చీటీ మీదికి రాదు.

మార్చి 29

(a+b)² రోగి ఇంకా మంచం దిగలేదు. సూత్రం కంఠతా వచ్చినవాళ్లు కూడా లెక్కలోకి వెళ్లేసరికి మళ్లీ a² + b² అంటున్నారు. అందుకని ఇవాళ ప్రార్థన స్టేజి ఎక్కించాను. స్టేజి మీద పరిచినవి శాబాద్ బండలు, ఒక్కోటి చదరంగా, మనిషి నిలబడేంత.

రెండున్నరకు పోయాం. పిల్లలు చెప్పులు విడిచి స్టేజి ఎక్కి వెంటనే దిగిపోయారు, బండలు కాలిపోతున్నాయి. రెండు బకెట్ల నీళ్లు పోయించాను. చల్లబడింది, కానీ తడి బండ మీద చాక్‌పీసు రాయదు. వెనక్కి వచ్చి నాలుగింటికి, కానుగ చెట్టు నీడ స్టేజి మీదికి వాలాక మళ్లీ పోయాం.

ఐదు బండలు అడ్డం, ఐదు నిలువు, చుట్టూ గీత. a మూడు, b రెండు. a² అంటే ఒక మూలన 3×3, తొమ్మిది మంది నిలబడ్డారు. b² అంటే ఎదురు మూలన 2×2, నలుగురు. మొత్తం 13. కానీ చతురస్రంలో బండలు 25. "పన్నెండు బండలు ఖాళీ. వీటి మీద ఎవరు నిలబడాలి?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి "టీచర్, ఖాళీవి రెండు ముక్కలు, రెండూ ఒక్కతీరే ఉన్నయి, ఒకటి అడ్డం ఒకటి నిలువు" అంది. మూడు రెళ్లు ఆరు, రెండు మూళ్లు ఆరు. ఆరుగురు అటు, ఆరుగురు ఇటు వెళ్లి నిలబడ్డారు. 2ab కాళ్ల మీద నిలబడింది.

అక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఒకడు "మరి మైనస్ అయితే?" అన్నాడు. నేను సిద్ధంగా లేను, అయినా చేశాం. a ఐదు, b రెండు. 25 మంది నిలబడ్డారు. కుడివైపు రెండు నిలువు వరసలు కూర్చోమన్నాను, పదిమంది కూర్చున్నారు. కింది రెండు అడ్డ వరసలు కూర్చోమన్నాను. అందులో నలుగురు "మేం ఆల్రెడీ కూసున్నం టీచర్" అన్నారు. లెక్క ప్రకారం 25లో పది, మళ్లీ పది తీసేస్తే ఐదుగురే మిగలాలి. నిలబడ్డవాళ్లు తొమ్మిదిమంది. ఆ నలుగురిని మనం రెండుసార్లు తీసేశాం, ఒకసారి తిరిగి కలపాలి. +b² ఎందుకొస్తుందో నాకు కూడా ఇంత బాగా ఎప్పుడూ కనబడలేదు. కూర్చున్న నలుగురూ ఇంటికి పోయేదాకా తమను తాము "ప్లస్ బీ స్క్వేర్" అని పిలుచుకున్నారు.

ఏప్రిల్ 2

ఉగాది, రంజాన్, ఆ మర్నాడు, మూడు రోజుల సెలవుల తర్వాత బడి. తలా ఒక చిన్న చీటీ ఇచ్చి (2x+3)² విస్తరించమన్నాను. 34 మంది వచ్చారు, 9 మందికి తప్పు. శనివారం స్టేజి పాఠం తర్వాత ఇచ్చిన చీటీలో తప్పులు ముగ్గురివే. ఇదేంటని మొదట ఉసూరుమన్నాను.

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా మనోవిజ్ఞానులు చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, గుర్తున్నది కాగితం మీద పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. అంటే శనివారం సాయంత్రం నాకు కనబడిన సంతోషం చూసి సంబరపడకూడదు, నాలుగు రోజులాగి అడగాలి. మరిచిపోయిన తొమ్మిదిమంది ఇవాళ తంటాలుపడి తెచ్చుకున్నారే, ఆ తంటానే రివిజన్. ఇవాళ్టి నుంచి ప్రతి పీరియడ్ మొదట్లో పాత పాఠంలోంచి రెండు లెక్కలు, చీటీ మీద, పుస్తకం మూసి. ఈ పని జూలైలోనే మొదలుపెట్టి ఉండాల్సింది.

ఏప్రిల్ 3, 4

పిల్లలే పేపరు తయారుచేయడం. ఇద్దరికి కలిపి ఐదు ప్రశ్నలు, జవాబులు కూడా వాళ్లే రాయాలి. ఒక ప్రశ్నలో మాత్రం పక్క జట్టును బోల్తా కొట్టించే మెలిక ఉండాలి. మెలిక పెట్టాలంటే తప్పు ఎక్కడ జరుగుతుందో ముందు తెలియాలి కదా.

అనులోమ, విలోమ అనుపాతాల మీద మంచివి వచ్చాయి. "ఒక కోత మిషను 3 గంటల్లో 4 ఎకరాలు కోస్తే 9 గంటల్లో ఎన్ని ఎకరాలు?" పన్నెండు, నేరుగా వచ్చేది. యాసంగి వరి కోతకొచ్చింది, పిల్లల తలలో అదే ఉంది. ఇంకో జట్టు: "4 మోటార్లు బావిని 6 గంటల్లో తోడితే 8 మోటార్లు ఎన్ని గంటల్లో తోడతాయి?" పుస్తకం ప్రకారం మూడు. జవాబు రాయాల్సిన పిల్లవాడు రాయలేదు. ఎందుకంటే, "ఎనిమిది మోటార్లు పెడితే బావి ఎండుతది టీచర్, అప్పుడు తోడేదేంది?" అన్నాడు. వాళ్ల పొలంలో మూడు బోర్లు వేశారు, రెండింట్లో నీళ్లు పడలేదు. వాడికి ఆ లెక్కలో పూర్తి మార్కులు ఇచ్చాను, పక్కన "బావిలో నీళ్లు ఉన్నాయనుకుంటే 3 గంటలు" అని రాయించాను. ఆ తర్వాత పేపర్లన్నిట్లో "అనుకుంటే" అనే మాట పెరిగిపోయింది.

ఏప్రిల్ 7

చతుర్భుజాల నిర్మాణాలకు ఇన్ని రోజుల్లో చోటు దొరకలేదు. వృత్తలేఖిని ముల్లు విరగని పెట్టెలు క్లాసులో పదకొండే ఉన్నాయి. ఇవాళ హడావిడిగా రెండు గీయించాను. దానికి ఆటేమీ తోచలేదు నాకు, మామూలుగానే చేశాం. పర్లేదు.

ఏప్రిల్ 8

పరీక్షలకు ముందు చివరి పీరియడ్. మొదటి రోజు లాగే తెల్ల కాగితం, ఎనిమిది నిమిషాలు, పేరు లేదు. ఈసారి రెండో నిమిషానికే పెన్నులు కదిలాయి. (a+b)² తప్పు రాసినవాళ్లు 6. విలోమానుపాతం 25 కాగితాల్లో ఉంది, అందులో చాలావాటిలో మోటారు బొమ్మ కూడా ఉంది. ఘాతాంకాల్లో మాత్రం మార్పు తక్కువే. మైనస్ కామెర్లు పదిమందికి ఇంకా తగ్గలేదు.

మిగిలిన పావుగంటలో చివరి తంబోలా. తొందర్లో బోర్డు మీద ఒక లెక్క జవాబుతో సహా నేనే చేసి చూపించాను: √1225 = 45. ఎవరూ ఏమీ అనలేదు. గంట కొట్టాక అందరూ పోయారు. బల్ల మీద మడిచిన చీటీ ఒకటి ఉంది. చేతిరాత నాకు తెలుసు, దవాఖాన రోజు గోరుతో బెంచీ గీసినవాడిది.

"రోగి: టీచర్. రోగం: 1225 కు 45 అని రాసిన్రు. అది 2025 ది. మందు: చివర 5 ఉంటే ముందు అంకెను దాని తర్వాతి అంకెతో గుణించాలె, పక్కన 25 పెట్టాలె. 3×4=12. గందుకే 35. పత్యం: గంట కొట్టెటప్పుడు లెక్క చేయొద్దు."